వైజాగ్‌లో ఇంట్లోనే ఈసీయూ ట్యూనింగ్ నేర్చుకుంటున్నవాళ్లు జాగ్రత్త: కిట్‌తో వచ్చే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ని నమ్మి నా ఇంజన్ పోగొట్టుకున్నాను

ఇది రాయాలా వద్దా అని వారం రోజులు ఊగిసలాడాను. మొన్న మర్రిపాలెంలో తెలిసిన తమ్ముడొకడు అదే కిట్‌కి డబ్బు కట్టేశానని చెప్పాడు, ఇక ఆగలేకపోయాను.

నా బండి 2002 హోండా సిటీ, 1.5 వీటెక్. నాన్నగారు వాడిన బండి, అమ్మబుద్ధి కాలేదు. రెండేళ్లుగా మెల్లగా ఇన్‌టేక్, హెడర్, కామ్ లాంటి ఇంజన్ భాగాలు మార్చుకుంటూ వచ్చాను. ఇవన్నీ మారాక కంపెనీ పెట్టిన ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ)లోని పాత లెక్కలు సరిపోవు, పెట్రోలు ఎంత పోయాలి, స్పార్క్ ఎప్పుడు వేయాలి అనేది మళ్లీ నేర్పాలి. అది ఎవరో చేసిపెడితే కాకుండా నేనే నేర్చుకోవాలనుకున్నాను. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 38,000 పెట్టి కిట్ తీసుకున్నాను. అందులో స్పీడ్యునో బోర్డు (మనమే ట్యూన్ చేసుకునే ఈసీయూ), వైరింగ్, వైడ్‌బ్యాండ్ గేజ్, బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 అని చెప్పిన సెన్సర్, పైన వాళ్లు రికార్డు చేసిన పాఠాలు. బోర్డు బాగానే ఉంది, ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. సెన్సర్ దగ్గరే నిండా ముంచారు.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. బండితో వచ్చే మామూలు ఆక్సిజన్ సెన్సర్ గాలి-పెట్రోలు నిష్పత్తి (ఏఎఫ్‌ఆర్) 14.7 దగ్గర ఇటు రిచ్చా (పెట్రోలు ఎక్కువా), అటు లీనా (పెట్రోలు తక్కువా) అని మాత్రమే చెబుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో టర్బో లేని పెట్రోలు ఇంజన్‌కి 12.8 దగ్గర ఉండాలి, అంటే ల్యామ్డాలో (14.7ని 1గా తీసుకునే కొలత) 0.87. అది చూపించేది వైడ్‌బ్యాండ్ ఒక్కటే. ట్యూనర్‌స్టూడియో అనే ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో ఆటోట్యూన్ నొక్కితే అది ఈ సెన్సర్ చెప్పిన అంకె చూసే వీఈ టేబుల్‌లో (పెట్రోలు లెక్కకి ఆధారమైన పట్టిక) ఒక్కో గడి దిద్దుకుంటూ పోతుంది. అంటే సెన్సర్ అబద్ధం చెబితే టేబుల్ మొత్తం అబద్ధమే.

నాకు జరిగింది సరిగ్గా అదే. తెల్లవారుజామున ఆనందపురం–పెందుర్తి రోడ్డు మీద మా బావమరిది నడుపుతుంటే పక్క సీట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని లాగ్, అంటే నడిచేటప్పటి అంకెల రికార్డు, తీసుకున్నాను (దయచేసి ఎవరూ ఒక్కరే నడుపుతూ స్క్రీన్ చూడకండి). గేజ్ 11.5, 11.7 అని చూపించేది. రిచ్‌గా ఉందనుకుని ఆటోట్యూన్ పెట్రోలు కోస్తూ పోయింది. నాలుగు ఉదయాలకి అంకె 12.8కి వచ్చింది, పికప్ కూడా అదిరింది, ఆ రోజు నేను పడ్డ సంతోషం మాటల్లో చెప్పలేను. నిజానికి ఇంజన్ అప్పటికే ప్రమాదకరమైన లీన్‌లో నడుస్తోంది.

నేను పట్టించుకోని సూచన ఒకటుంది, ఈ పోస్టులో ముఖ్యమైనది ఇదే. సింహాచలం ఘాట్ దిగుతున్నప్పుడు గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా తీసేస్తే, ఈసీయూలో ఫ్యూయల్ కట్ ఆన్ చేసి ఉంటే, ఇంజెక్టర్లు ఆగిపోతాయి. సైలెన్సర్‌లోంచి వచ్చేది ఉత్త గాలే కాబట్టి గేజ్ సెకను లోపే లీన్ చివరికి ఎగిరిపోవాలి. నాది 14 దగ్గర మొదలై 15, 15.5 అంటూ మెల్లగా పాకి 16.5 దగ్గర ఆగిపోయేది. వీడియో తీసి పంపితే అమ్మినవాళ్లు "గ్రౌండ్ ఆఫ్‌సెట్ సార్, ఎర్త్ వైర్లు సరిచేసుకోండి" అన్నారు. గ్రౌండ్ తేడా ఉంటే గేజ్‌లో ఒక అంకె, ల్యాప్‌టాప్‌లో ఇంకో అంకె కనిపిస్తుంది. నాకు రెండిట్లోనూ ఒకటే వచ్చేది. ఆ ఒక్క పాయింటు గుర్తొచ్చి ఉంటే బాగుండేది. అది వదిలేసి రెండు రాత్రులు కూర్చుని ఎర్త్ వైర్లన్నీ ఇంజన్ బ్లాక్ మీద ఒకే బోల్టుకి తెచ్చి కట్టాను.

తర్వాత వారం ఐడిల్‌లో బండి వణకడం మొదలైంది, ఆయిల్ గేజ్ కర్ర గొట్టంలోంచి పొగ. గాజువాక ఆటోనగర్‌లో మా పాత మేస్త్రి దగ్గరకి తీసుకెళ్లాను. ఆయన ల్యాప్‌టాప్ వైపు చూడను కూడా చూడలేదు, నేరుగా ప్లగ్గులు విప్పారు. మూడో ప్లగ్గు తీసి ఎండలో పెట్టి తిప్పి "ఏటి బాబూ, ఇది చూశావా?" అన్నారు. తెల్ల పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య సూది మొనంత మెరుపులు. ఆ మెరుపులు పిస్టన్ అల్యూమినియం. కంప్రెషన్ పెడితే మిగతా మూడు సిలిండర్లు 170 పీఎస్‌ఐ దగ్గర, మూడో నంబరుది 95. హెడ్ దించి చూస్తే పిస్టన్‌లో రెండు రింగుల మధ్య గట్టు విరిగిపోయి ఉంది. లీన్ మిక్స్చర్‌కి కిట్ అమ్మినవాళ్లిచ్చిన బేస్ మ్యాప్‌లోని (మొదలుపెట్టడానికి ఇచ్చే సెట్టింగుల ఫైలు) ఎక్కువ టైమింగ్, అంటే స్పార్క్ మరీ ముందుగా పడటం, తోడై నాకింగ్ (మిక్స్చర్ తనంతట తానే అంటుకుని ఇంజన్ కొట్టుకోవడం) వచ్చింది, రోడ్డు గాలి హోరులో అది నా చెవిన పడలేదు.

తర్వాత స్నేహితుడి దగ్గర ఒరిజినల్ సెన్సర్ తెచ్చి, అతని బండి సైలెన్సర్‌లోనే రెండూ మార్చి మార్చి పెట్టి చూశాం. ఒరిజినల్ 14.6 చూపించే చోట నాది 12.9. నా సెన్సర్ మీద కూడా 0 258 017 025 అనే బాష్ నంబరే ఉంది, కాబట్టి నంబర్ చూసి మోసపోవద్దు. పెట్రోలు తడిపిన గుడ్డతో ఒకసారి రుద్దితే ఆ అక్షరాలు చెరిగిపోయాయి.

మీ దగ్గర ఇప్పటికే కిట్ ఉంటే ఆటోట్యూన్ నొక్కే ముందు నేను పైన చెప్పిన ఘాట్ పరీక్ష చేయండి. సెన్సర్‌ని విప్పి బయట గాలిలో వేడెక్కనిస్తే కూడా గేజ్ లీన్ చివర ఉండాలి, కానీ ఒక్క గాలి పరీక్షలో నెగ్గితే చాలదు, నాది అందులో నెగ్గింది. కుదిరితే తెలిసినవాళ్ల సెన్సర్‌తో పోల్చండి. సెన్సర్ నిలువుగా లేదా కాస్త వాలుగా, గడియారంలో 10కి 2కి మధ్య ఉండేలా బిగించండి, అడ్డంగానో కిందికో పెడితే పైపులో చేరిన నీళ్లు తగిలి లోపలి పింగాణీ పగులుతుంది. ఇప్పుడు బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు కాబట్టి గేజ్‌ని ఏఎఫ్‌ఆర్ కాకుండా ల్యామ్డాలో పెట్టుకోండి, ఏ పెట్రోలైనా 1.00 అంటే 1.00. టైమింగ్ మాత్రం ఎవరిచ్చిన బేస్ మ్యాప్‌దీ నమ్మకండి, నాలుగైదు డిగ్రీలు వెనక్కి లాగి మొదలెట్టండి. ప్రతి ఫుల్ థ్రాటిల్ లాగ్ తర్వాత ఒక ప్లగ్గు తీసి చూడటానికి పది నిమిషాలు పడుతుంది. నేను బద్ధకించిన ఆ పది నిమిషాలకి ఇప్పుడు పిస్టన్లు, రింగులు, లేత్ పని కలిపి 46,000 అవుతోంది.

అమ్మినవాళ్లు డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. "సీల్ విప్పారు కదా" అంటున్నారు, సీల్ విప్పకుండా సెన్సర్ ఎలా బిగిస్తారో వాళ్లే చెప్పాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాను, బిల్లు, చాట్లు, రెండు సెన్సర్ల వీడియో అన్నీ జతచేశాను. మీరు కూడా కొంటే ప్యాకెట్ విప్పేటప్పటి నుంచే వీడియో తీయండి, బిల్లులో సెన్సర్ పేరు విడిగా రాయించుకోండి. నా బిల్లులో "కిట్ 1" అని మాత్రమే ఉంది, అదే ఇప్పుడు నాకు పెద్ద ఇబ్బంది అవుతోంది.

మర్రిపాలెం తమ్ముడి పార్శిల్ శుక్రవారం వస్తుంది. ఆ ఒరిజినల్ సెన్సర్ ఇంకా నా దగ్గరే ఉంది, ఆదివారం పొద్దున్న ఆటోనగర్‌లో మేస్త్రి దగ్గరే ఇద్దరం పోల్చి చూస్తాం. వైజాగ్‌లో ఇంకెవరి దగ్గరైనా ఇలాంటి కిట్ ఉంటే బండి నడపకుండా సెన్సర్ విప్పి చేతిలో పట్టుకుని రండి, మీది కూడా చూద్దాం.