ఫిజీలో బుల్ షార్క్‌లకు ఎర వేసే డైవ్: చూడదగినదే, కానీ షరతులతో

ఫిజీలో విటి లెవు ద్వీపపు దక్షిణ తీరాన, పసిఫిక్ హార్బర్ నుంచి పడవలో కొద్ది దూరంలో షార్క్ రీఫ్ (రీఫ్ అంటే పగడపు దిబ్బ) అనే రక్షిత ప్రాంతం ఉంది. పర్యాటకుల ఎదుట సొరచేపలకు చేపముక్కలు తినిపించే డైవ్‌లకు అది పేరుమోసిన చోటు. ఏర్పాట్ల విషయంలో ఈ సేవకు మంచి మార్కులే పడతాయి. అసలిలా తినిపించవచ్చునా అన్న వివాదంలో మాత్రం నిర్వాహకులు చెప్పే మాటలను యథాతథంగా స్వీకరించలేము.

సుమారు 30 మీటర్ల లోతున పగడపు రాళ్ళతో పేర్చిన పొట్టి గోడ వెనుక సందర్శకులను వరుసగా కూర్చోబెడతారు. ఎదుట గైడు పెద్ద ట్యూనా తలలను ఒక్కొక్కటిగా అందిస్తుంటే, రెండున్నర మీటర్లు దాటిన బుల్ షార్క్ జాతి సొరచేపలు క్రమంగా దగ్గరకు వచ్చి అందుకొని పోతాయి. మరీ చేరువైన వాటిని పొడవాటి కర్రలతో నెమ్మదిగా మళ్ళించే గైడ్లు సందర్శకుల వెనుకనే ఉంటారు. బోను ఉండదు. ఇంత దగ్గరలో, ఇంత స్పష్టంగా ఈ జాతిని చూసే అవకాశం ఎర లేకుండా దొరకదనే చెప్పాలి, ఎందుకంటే బుల్ షార్క్‌లు సాధారణంగా మసక నీటిలో తిరుగుతాయి. కల్లోలం లేదు, పోటీపడి మీదపడడమూ లేదు. గైడ్ల క్రమశిక్షణ మెచ్చుకోదగినది.

మెచ్చుకోలేనిది డైవ్‌కు ముందు ఇచ్చే ఉపన్యాసం. నేను వెళ్ళిన పడవలో సొరచేపకు మనిషి మీద ఆసక్తే లేదన్నట్లుగా మాట్లాడారు. 2008లో బహామాస్ జలాల్లో ఎర వేసి, బోను లేకుండా సాగించిన డైవ్‌లో ఒక పర్యాటకుడు కాటుకు గురై మరణించాడు. ఆ పడవ ఫ్లోరిడా నుంచి బయలుదేరినది, ఎందుకంటే ఫ్లోరిడా 2002 నుంచే తన జలాల్లో ఇలా తినిపించడాన్ని నిషేధించింది. నిషేధం ఒకచోట పడితే వ్యాపారం పక్క దేశపు నీళ్ళకు తరలిందన్నమాట. ప్రమాదాలు అరుదన్నది నిజమే. అరుదని చెప్పడం వేరు, లేవని నమ్మించడం వేరు.

ఇక సొరచేపలకే ఏమవుతుందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఫ్రెంచ్ పోలినీషియాలోని మోరియా దగ్గర నిమ్మ సొరచేపలపై జరిగిన పరిశోధన, ఎర దొరికే చోట అవి ఎక్కువకాలం ఉండిపోతున్నాయని, వాటి మధ్య దూకుడు పెరిగిందని గమనించింది. అయితే బహామాస్‌లోని టైగర్ బీచ్ వద్ద ఎర రుచి మరిగిన పులి సొరచేపలు సముద్రంలో దూరదూరాలు తిరగడం మానలేదని 2012లో వెలువడిన మరో అధ్యయనం చూపింది. షార్క్ రీఫ్‌లోనూ పెద్ద బుల్ షార్క్‌లు ఏడాది చివరి నెలల్లో సంతానోత్పత్తికి వెళ్ళిపోతాయి, కనుక అప్పుడు వెళ్ళినవారికి తక్కువే కనిపిస్తాయి. జాతినీ చోటునూ బట్టి ఫలితం మారుతున్నప్పుడు ‘అన్నిచోట్లా హానికరం’ అన్న వాదానికీ, ‘ఎక్కడా హాని లేదు’ అన్న ప్రకటనకూ ఆధారం సమానంగా బలహీనమే.

నన్ను ఒప్పించినది డబ్బు దారి. 2004లో ఈ రీఫ్‌పై సంప్రదాయ హక్కులున్న గ్రామాలు అక్కడ చేపలు పట్టడం మానుకున్నాయి. అందుకు బదులుగా ప్రతి డైవర్ నుంచి ప్రత్యేక రుసుము వసూలై ఆ గ్రామాలకు చేరుతుంది. ఒక రీఫ్ సొరచేప తన జీవితకాలంలో పర్యాటకం ద్వారా 19 లక్షల డాలర్లు తెచ్చిపెట్టగలదని పసిఫిక్ ద్వీప దేశం పలావులో వేసిన అంచనా చాలామంది విన్నదే, కానీ ఆ డబ్బు వల మానేసినవారికి చేరకపోతే ఆ లెక్క వట్టి ప్రచారం. అన్నట్టు, 2009లో తన జలాలను సొరచేపల అభయారణ్యంగా ప్రకటించిన పలావుకు ఎర అవసరమే లేదు. అక్కడి బ్లూ కార్నర్‌లో డైవర్లు రీఫ్‌కు కొక్కెం తగిలించుకొని ప్రవాహంలో నిలబడితే సొరచేపలు తమంతట తామే ఎదుటకు వస్తాయి.

కాబట్టి ఫిజీ డైవ్‌కు ఐదింటికి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ ఆ ఉపన్యాసానికే. 30 మీటర్ల లోతుకు తగిన శిక్షణ లేనివారు దీనిని తరువాతకు వాయిదా వేసుకోవాలి. రక్షిత ప్రాంతం గానీ, గ్రామాలకు వాటా గానీ లేకుండా ఇదే ప్రదర్శన చూపే నిర్వాహకులకు మాత్రం నా సిఫారసు లేదు.