బ్యూనస్ ఐరిస్‌లో కాటలాన్ల రంగస్థలం: ఏం చూడాలి, ఎక్కడ దిగాలి

బ్యూనస్ ఐరిస్ అనగానే అందరికీ టాంగో గుర్తొస్తుంది. నాటకాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు మాత్రం సాన్ టెల్మో పేటలోని చకబుకో వీధికి ఒక సాయంత్రం కేటాయించాలి. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్ళ సంఘం, కసాల్ దె కాటలూన్యా, అక్కడే ఉంది. 1886లో సెంత్రె కాటలా పేరుతో మొదలైన సంఘమిది. బయట రాతి పనితనం ఫొటోలకు బాగుంటుంది. కానీ నన్ను కట్టిపడేసింది లోపలి థియేటర్. పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటినవాళ్ళు తమకంటూ ఒక ఇల్లు కట్టుకుని, అందులో నాటకానికీ చోటిచ్చారు!

ఆ థియేటర్‌కు మార్గరీటా షిర్గు పేరు పెట్టారు. 1888లో బార్సిలోనా దగ్గరి మొలిన్స్ దె రెయ్‌లో పుట్టిన నటి. 1936లో లాటిన్ అమెరికా పర్యటనలో ఉండగా స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఆమె మళ్ళీ సొంత ఊరు చూడలేదు. ఆ యుద్ధంలో నియంత ఫ్రాంకో గెలిచాక కాటలోనియాలోనే కాటలాన్ భాషలో నాటకాలకు కొన్నేళ్ళు అనుమతి లేదు. అలాంటి రోజుల్లో ఇలాంటి సంఘాల వేదికల విలువ ఎంతో ఊహించుకోండి. క్రిస్మస్‌కు గొర్రెల కాపరుల నాటకం, బృందగానం, సర్దానా నాట్యం ఉంటే, ఇక్కడ పుట్టిన పిల్లలకు కూడా తాతల భాష నోట్లో ఆడుతుంది. మన తెలుగు సంఘాలు విదేశాల్లో ఉగాదికి నాటకాలు వేయించేదీ ఇందుకేగా.

సర్దానాను దగ్గరగా చూడండి. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. చిన్న పిల్లనగ్రోవి లాంటి ఫ్లబియోల్ ముందు పలుకుతుంది. పొట్టి అడుగులు, పొడుగు అడుగులు లెక్క తప్పకుండా వేయాలి. లెక్క చూసేవాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి నొక్కి సైగ చేస్తారు. కొత్తవాళ్ళనూ వలయంలో కలుపుకుంటారు, టెన్షన్ అక్కర్లేదు.

ఒక్క మాట: షిర్గు థియేటర్ ఇప్పుడు ఒక విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తోంది, ప్రదర్శనలు ఎక్కువగా స్పానిష్‌లోనే. కాటలాన్ వినాలంటే ఏప్రిల్ 23న సాన్ జోర్దీ పండగకో, సెప్టెంబర్ 11న కాటలోనియా జాతీయ దినానికో వెళ్ళేలా చూసుకోండి.

అక్కడికి దగ్గర్లోనే అవెనీదా దె మాయోలో 1908 నాటి అవెనీదా థియేటర్ ఉంది. స్పానిష్ కవి, నాటకకర్త లోర్కా రాసిన ‘బెర్నార్దా ఆల్బా ఇల్లు’ను షిర్గు 1945 మార్చి 8న తొలిసారి ఇక్కడే ఆడించింది. ఈ థియేటర్ 1979లో తగలబడి, 1994లో మళ్ళీ తెరుచుకుంది. షో ఉంటేనే వెళ్ళండి, బయటి నుంచి చూసి రావడానికైతే పనిగట్టుకుని వెళ్ళక్కర్లేదు.

బసకు సాన్ టెల్మో కంటే అవెనీదా దె మాయో వైపే నా ఓటు. ఎ లైన్ మెట్రో పక్కనే, రాత్రి షో చూసి నడిచి రావచ్చు. సాన్ టెల్మోలో నేను దిగిన పాత లాడ్జిలో వేడినీళ్ళు సరిగా రాలేదు, ఆదివారం సంత గోలకు నిద్ర లేదు. శాకాహారులకు కాటలాన్ల టమాటా బ్రెడ్ ఉంది: కాల్చిన రొట్టె మీద పండు టమాటా రుద్ది, ఆలివ్ నూనె, ఉప్పు వేసిస్తారు. మాంసం వద్దని ముందే చెప్పాలి.

వీలుంటే ఫెర్రీ ఎక్కి ఉరుగ్వే రాజధాని మాంటెవీడియో కూడా వెళ్ళండి. షిర్గు 1969లో కన్నుమూసింది అక్కడే. ఆమె నటన నేర్పిన ప్రభుత్వ నాటక పాఠశాల ఇప్పుడు ఆమె పేరుతోనే నడుస్తోంది.