“అడ్మిషన్ ఓటీపీ” అని అడిగితే ఆగండి, అది లోన్ సంతకం కావచ్చు

పిల్లలకి ఆన్‌లైన్ కోచింగ్ కొనబోయేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

మా పాప ఎనిమిదో తరగతి. మ్యాథ్స్ కోర్సుకి ఫ్రీ డెమో అంటూ ఒక కుర్రాడు ఇంటికొచ్చాడు. “నచ్చకపోతే నెలలోపు క్యాన్సిల్ చేసుకోండి సార్, రూపాయి కూడా పోదు” అన్నాడు. ఫీజు నెలనెలా కట్టుకోవచ్చన్నాడు. నా ఆధార్ నంబరు తీసుకుని, అడ్మిషన్ కన్ఫర్మ్ చేయడానికంటూ ఓటీపీ అడిగి తన ఫోన్‌లో కొట్టుకున్నాడు. అది అడ్మిషన్‌ది కాదు, లోన్ అగ్రిమెంటు మీద ఈ-సైన్, అంటే ఎలక్ట్రానిక్ సంతకం.

క్యాన్సిల్ చేయమని అడిగినప్పుడు అసలు సంగతి బయటపడింది. మా పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఫీజు మొత్తం కోచింగ్ సంస్థకి ముందే కట్టేసింది. మెయిల్‌కొచ్చిన పీడీఎఫ్ ప్రకారం కోర్సుతో ఇచ్చిన ట్యాబ్ బాక్సు సీల్ తీస్తే రీఫండ్ లేదు. ఆ సీల్ తీసింది డెమో చూపించడానికొచ్చిన ఆ కుర్రాడే! తగాదా వస్తే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు, అదీ వాళ్ల ఊళ్లో.

“కాగితం మీద సంతకం లేదుగా, ఇది చెల్లదు” అని తెలిసినవాళ్లంతా ధైర్యం చెప్పారు. ఆ మాట నమ్ముకుని ఈఎంఐ ఆపేయకండి, సిబిల్ స్కోరు పోతుంది. ఎలక్ట్రానిక్ రూపంలో జరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సైన్ కూడా చట్టం ఒప్పుకున్న సంతకమే.

మనకున్న దారి వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ప్రకారం మోసంతోనో అబద్ధాలు చెప్పో తీసుకున్న అంగీకారమైతే మోసపోయినవాళ్లు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ఫోన్లూ యాప్‌లూ లేని కాలంలో రాసిన సెక్షనే ఓటీపీకీ వర్తిస్తుంది. కాకపోతే మోసాన్ని మనమే రుజువు చేయాలి. కుర్రాడు నోటితో చెప్పినవన్నీ గాల్లో కలిసిపోయాయి కానీ, “30 డేస్ ఫుల్ రీఫండ్ సార్” అని వాట్సాప్‌లో పెట్టిన ఒక్క మెసేజ్ మిగిలింది. ఇప్పుడు మా కేసుకి అదే ఆధారం.

ఆర్బిట్రేషన్ షరతు చూసి హడలిపోకండి. అది ఉన్నా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉంటున్న ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. షరతులే అన్యాయమైనవని వాదించాలంటే మాత్రం జిల్లా కమిషన్ కాదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ఓటీపీ ఇచ్చేసినవాళ్లు ఆ రోజే మెయిల్ తెరిచి చూడండి. డిజిటల్ లోన్‌ని పెనాల్టీ లేకుండా వెనక్కిచ్చేయడానికి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కనీసం ఒక రోజు గడువుండాలి. లోన్ అసలు మొత్తం, ఆ కొద్ది రోజుల వడ్డీ మాత్రం కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుంటే పట్టుకుంటారు. ఆ గడువు గురించి మాకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు, ఎందుకు చెబుతారు?

సగం వెనక్కిస్తాం, ఫిర్యాదు తీసేయండని మొన్న ఫోన్ వచ్చింది. ఏం చెప్పినా రాతపూర్వకంగా మెయిల్ చేయమన్నాం. ఇంతవరకూ చేయలేదు. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే సేల్స్‌వాళ్లతో చేసిన చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చేముందే ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో దాచుకోండి.