గడియారపు కార్డు నుంచి కాలాన్ని ఏ తీగ మీద తీసుకోవడం మేలు?

ఉపగ్రహాల నుంచి కాలాన్ని అందుకునే గడియారపు కార్డును కంప్యూటర్‌లో బిగించాక, దాని కనెక్టర్లలో దేన్ని వాడాలన్నది తేల్చుకోవాలి. యాంటెన్నా కనెక్టర్ ఎలాగూ తప్పదు. సెకనుకొక పల్స్, సీరియల్ పోర్టు, ఇరిగ్-బి (కాలాన్ని పల్స్‌ల వరుసగా పంపే సంకేత పద్ధతి), 10 మెగాహెర్ట్జ్ సంకేతం, ఈవెంట్ ఇన్‌పుట్ (బయటి సంఘటన సంకేతాన్ని అందుకునే కనెక్టర్) మాత్రం ఒకదానికొకటి ప్రత్యామ్నాయాల్లా కనిపిస్తాయి. వీటిని కేవలం కచ్చితత్వంతో తూచితే లెక్క తప్పుతుంది. సెకను ఎప్పుడు మొదలైందో చెప్పడం ఒక పని, అది ఏ సెకనో చెప్పడం మరొక పని.

మొదటి పనిలో సెకనుకొక పల్స్‌కు సాటి లేదు. మంచి కార్డుల్లో దాని అంచు, అంటే పల్స్ మొదలయ్యే క్షణం, అంతర్జాతీయ ప్రమాణ కాలానికి 100 నానోసెకన్ల లోపే ఉంటుంది. అయితే పల్స్‌లన్నీ ఒకేలా ఉంటాయి కనుక, అది ఏ తేదీదో, ఏ గంటదో వాటిని చూసి చెప్పలేం. సీరియల్ పోర్టు ఆ సమాచారం ఇస్తుంది గానీ నెమ్మది. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల) వేగంలో ఒక్కో అక్షరానికి దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది కాబట్టి 30 అక్షరాల వరుస చేరేసరికి 31 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. అందుకే ఈ రెంటినీ జంటగా వాడతారు: పల్స్‌ను సీరియల్ పోర్టులో సంకేతం ఉందో లేదో తెలిపే డీసీడీ పిన్నుకు కలిపితే, ఆపరేటింగ్ సిస్టమ్ అంచు వచ్చిన క్షణాన్ని నమోదు చేసుకుని, తేదీని అక్షరాల వరుస నుంచి తీసుకుంటుంది. ఈ జంటలో ఒక మెలిక ఉంది. వరుసలోని సమయం అప్పుడే వచ్చిన పల్స్‌దా, రాబోయే పల్స్‌దా అన్నది పరికరాన్ని బట్టి మారుతుంది. అది సరిచూసుకోకపోతే మైక్రోసెకన్లన్నీ సరిగ్గా ఉండి, గడియారం మాత్రం నిండు సెకను తేడాతో నడుస్తుంది.

ఇరిగ్-బి ఈ చిక్కును ఒకే తీగతో తీరుస్తుంది. సెకనుకు 100 పల్స్‌లు వస్తాయి; 2 మిల్లీసెకన్ల వెడల్పుంటే సున్నా, 5 ఉంటే ఒకటి, 8 ఉంటే స్థాన సూచిక. వరుసగా రెండు స్థాన సూచికలు వస్తే, రెండో దాని ముందంచు దగ్గర సెకను మొదలైనట్టు. తొలి రూపంలో సంవత్సరంలో ఎన్నో రోజో మాత్రమే ఉండేది. సంవత్సరాన్ని, లీపు సెకను (ప్రమాణ కాలానికి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను) హెచ్చరికను తర్వాతి విస్తరణలు చేర్చాయి. కాబట్టి పంపే కార్డు, అందుకునే పరికరం ఒకే విస్తరణను పాటిస్తున్నాయో లేదో ముందే చూసుకోవాలి.

ఇరిగ్-బిలోనూ రెండు రకాలున్నాయి. 1 కిలోహెర్ట్జ్ తరంగంపై ఎక్కించిన ఏఎమ్ (తరంగం ఎత్తును మార్చి సమాచారం పంపే) రకం ట్రాన్స్‌ఫార్మర్ల గుండా, పొడవైన కేబుళ్లలో నిబ్బరంగా ప్రయాణిస్తుంది గానీ, సైన్ తరంగానికి పదునైన అంచు లేనందువల్ల పొరపాటు పదుల మైక్రోసెకన్ల దాకా పోవచ్చు. 50 హెర్ట్జ్ విద్యుత్ గ్రిడ్‌లో ఫేజర్ (వోల్టేజి, కరెంటు తరంగాల పరిమాణం, దశ) కొలతకు అనుమతించే 1 శాతం దోషమంతా కాలం తేడా వల్లే వచ్చిందనుకున్నా, అది 32 మైక్రోసెకన్లకే సరిపోతుంది. అలాంటి చోట, పల్స్‌లను తరంగం మీద ఎక్కించకుండా నేరుగా పంపే రెండోదైన డీసీ రకమే నా ఎంపిక. దూరం ఎక్కువైతే కేబుల్ మీటరుకు కలిపే 5 నానోసెకన్ల ఆలస్యాన్ని లెక్కలోంచి తీసేస్తే సరి.

ఇక 10 మెగాహెర్ట్జ్‌కు కాలంతో నేరుగా పని లేదు. అది పౌనఃపున్యాన్నే ఇస్తుంది. రేడియో కొలత పరికరాలకు, శాంప్లింగ్ కార్డులకు తప్ప దాని కోసం అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు.

కొనేవాళ్లు పెద్దగా పట్టించుకోని ఈవెంట్ ఇన్‌పుట్‌ను నేను ముందు వరుసలో పెడతాను. బయటి సంఘటన జరిగిన వేళ తెలియాలంటే ప్రోగ్రామ్ కంప్యూటర్ లోపలి బస్ (డేటా మార్గం) ద్వారా కార్డులోని కాలాన్ని చదవవచ్చు. చదవడానికి పట్టే సమయం స్వల్పమే. ఆ ప్రోగ్రామ్ వంతు వచ్చేదాకా ఆపరేటింగ్ సిస్టమ్ ఎంతసేపు ఆపుతుందో మాత్రం ముందుగా తెలియదు. ఈవెంట్ ఇన్‌పుట్‌లో అంచు తగిలిన క్షణమే హార్డ్‌వేర్ ఆ కాలాన్ని బఫర్‌లో దాచేస్తుంది కనుక ప్రోగ్రామ్ తీరిగ్గా వచ్చి చదివినా విలువ మారదు. లోపలి కౌంటర్ 10 మెగాహెర్ట్జ్‌పై నడిస్తే దాని మెట్టు 100 నానోసెకన్లు. సంకేతం రిలేలు, మోటార్ల వైపు నుంచి వస్తుంటే ఆప్టోకప్లర్ (విద్యుత్ సంబంధం లేకుండా సంకేతాన్ని కాంతితో దాటించే భాగం) ఉన్న ఇన్‌పుట్ కార్డును కాపాడుతుంది గానీ, తన వంతు ఆలస్యాన్నీ కలుపుతుంది. అదే బల్ల మీది పరికరం నుంచి వస్తుంటే నేరుగా టీటీఎల్ (5 వోల్టుల డిజిటల్ సంకేతాల) ఇన్‌పుట్‌కే కలపడం మేలు.