మేడారంలో వాంతులు, విరేచనాలకు ఏది మేలు: ఒక పెద్ద దవాఖానా, దారి పొడవునా ఓఆర్‌ఎస్ కార్నర్లా?

మామూలు రోజుల్లో మేడారం తాడ్వాయి అడవిలో ఒక చిన్న ఊరు. రెండేళ్లకోసారి మాఘమాసంలో, బుధవారం సారలమ్మ గద్దెకు వచ్చినప్పటి నుంచి శనివారం వనప్రవేశం దాకా అదే ఊరు మహానగరం అవుతుంది. వచ్చేవాళ్లను అధికారులు కోటి పైనే లెక్కగడతారు. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగితే 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. తేదీలు ఇలా జరిగేకొద్దీ వైద్య ఏర్పాట్లూ మారాలి. ముందుగా వస్తే రాత్రి చలి, చలిమంటల కాలిన గాయాలు ఎక్కువ. ఆలస్యంగా వస్తే ఎండదెబ్బ. విరేచనాల భయం మాత్రం ఏ నెలలో వచ్చినా ఉంటుంది. అందరూ జంపన్న వాగులో మునుగుతారు, చెట్ల కింద విడిది చేస్తారు, అక్కడే కోళ్లు, మేకలు కోసి వండుకుంటారు. బంగారం (అంటే బెల్లం) మీద, కోసిన చోట ఈగలు ముసురుతాయి.

ఉన్న సిబ్బందిని, మందులను ఎలా పెట్టాలన్నదే ప్రశ్న. ఒక దారి, గద్దెలకు దగ్గరలో టీటీడీ కళ్యాణ మండపంలో పెట్టే దవాఖానలోనే పెద్ద డాక్టర్లు, ఆక్సిజన్, పరీక్షలు, మందుల నిల్వ అంతా ఉంచడం. రెండో దారి, సిబ్బందిలో ఎక్కువమందిని నార్లాపూర్, ఊరట్టం, కన్నెపల్లి, రెడ్డిగూడెం వైపు విడిదుల్లో, వాగు ఒడ్డున, బస్టాండులో చిన్న చిన్న చోట్ల, ఓఆర్‌ఎస్ (ఉప్పులు, గ్లూకోజ్ ఉన్న పొడి కలిపిన నీళ్లు) తాగించే కార్నర్లుగా పంచడం.

గుండెనొప్పి, కాన్పు, పాముకాటు, కరెంటు షాక్, తొక్కిసలాటలో దెబ్బలు: వీటికి పెద్ద దవాఖానే మేలు, అందులో వాదన అక్కర్లేదు. వీటికి మనిషిని, యంత్రాన్ని ఒకేచోట ఉంచాలి. వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. తిరుగు జనంలో ఆ దూరం ఎన్ని గంటలవుతుందో ఎవరూ చెప్పలేరు.

విరేచనాల లెక్క వేరు. కలరా ముదిరితే పెద్దవాళ్ల ఒంట్లోంచి గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. గురువారం సాయంత్రం, సమ్మక్క గద్దెకు వచ్చే వేళ, అర కిలోమీటరు స్ట్రెచర్ మోయడానికి గంట పట్టిందంటే ఆ లీటరు దారిలోనే పోయినట్టు. అదే మనిషికి విడిది పక్కనే మొదటి అరగంటలో ఓఆర్‌ఎస్ గ్లాసు చేతికిస్తే చాలాసార్లు స్ట్రెచరే అక్కర్లేదు. కలరా వచ్చిన 100 మందిలో దాదాపు 80 మంది ఓఆర్‌ఎస్‌తోనే కోలుకుంటారు. అందుకే విరేచనాల వరకు మా ఓటు చిన్న చోట్లకే.

అయితే చిన్న శిబిరం చాలాసార్లు ఎందుకు విఫలమవుతుందో తెలుసుకుని పెట్టాలి. ఒళ్లునొప్పుల గోలీల కోసం నిలబడిన లైను వెనకాలే విరేచనాలవాడూ నిలబడాల్సి వస్తుంది. ఓఆర్‌ఎస్ కార్నర్‌కు వేరే తలుపు, వేరే బల్ల, ఎర్ర గుడ్డ కట్టిన వేరే కర్ర ఉండాలి. మరుగుదొడ్డి 20 అడుగులు దాటి దూరం ఉండకూడదు, నీళ్ల డ్రమ్ముకు ఆనుకునీ ఉండకూడదు. షిఫ్టుకు ఒక నర్సు, ఒక ఆశా, గ్లాసులు కడిగే ఒక మనిషి ఉంటే నడుస్తుంది. డాక్టరు నాలుగైదు కార్నర్లు తిరుగుతూ చూస్తే చాలు. మూత, కుళాయి ఉన్న 20 లీటర్ల డ్రమ్ములు రెండు (ఒకటి మంచినీళ్లకు, ఒకటి కలిపిన ఓఆర్‌ఎస్‌కు), గీత ఉన్న లీటరు జగ్గు, 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసులు, చెంచాలు కావాలి.

ఎక్కువ తప్పులు కలపడంలోనే జరుగుతాయి. ఒక ప్యాకెట్ అంటే సరిగ్గా లీటరు నీళ్లు. గ్లాసులో ప్యాకెట్ మొత్తం వేస్తే ఉప్పు ఎక్కువై, పసిపిల్లలకు ప్రమాదం. పిల్లాడికి ఇంతే చాలనుకుని సగం ప్యాకెట్ కలిపితే పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. నీరసించినవాడికి కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో తాగించాలి. 60 కిలోల మనిషికి నాలుగున్నర లీటర్లు, అంటే ఇరవై రెండు గ్లాసులు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మళ్లీ మొదలుపెట్టాలి. పిల్లలకు ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు (ఆ లోపు వయసుకు 10), ఇంటికి పట్టుకెళ్లేలా ఇచ్చి పంపాలి.

‘గ్లూకోజ్ ఎక్కించండి’ అని వెంట వచ్చినవాళ్లు ఒత్తిడి చేస్తారు. తాగగలిగినవాడికి సూది అవసరం లేదు. పైగా ఉత్త గ్లూకోజ్ సీసాలో పోయిన ఉప్పులు ఉండవు. కళ్లు లోతుకుపోయి, చర్మం పట్టి వదిలితే రెండు సెకన్లయినా వెనక్కి పోక, మగతగా ఉండి తాగలేకపోతే, మణికట్టు నాడి అందకపోతే అప్పుడు రింగర్ లాక్టేట్ (నరానికి ఎక్కించే, ఉప్పులున్న ద్రవం): కిలోకు 100 మిల్లీలీటర్లు. ఏడాది దాటినవాళ్లకు అందులో 30 మొదటి అరగంటలో, 70 ఆ తర్వాత రెండున్నర గంటల్లో. 60 కిలోలకు ఆరు లీటర్లు, అరలీటరు సీసాలు పన్నెండు. ఇది పెద్ద దవాఖాన పని, కానీ మొదటి రెండు సీసాలు, సెట్లు కార్నర్లోనే పెట్టించి, ఎక్కుతుండగానే పంపాలి. నిల్వకు డబ్ల్యూహెచ్‌వో లెక్క పనికొస్తుంది: 100 మంది కలరా రోగులకు 650 ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, లీటరు రింగర్ లాక్టేట్ సీసాలు 120.

రోగులు రాకుండా చూసేది నీళ్లే. అక్కడా రెండు దారులున్నాయి: ట్యాంకర్లోనే బ్లీచింగ్ పౌడర్ వేయడం, లేదా భక్తులకు క్లోరిన్ గోలీలు పంచడం.

గోలీ చూడ్డానికి సులువు. 67 మిల్లీగ్రాముల గోలీ 20 లీటర్ల తేట నీళ్లకు సరిపోతుంది, కట్టు విప్పకుంటే ఏళ్లు నిలుస్తుంది. కానీ లీటరు సీసాలో వేసినవాడికి ఇరవై రెట్లు ఘాటు తగిలి, ఇక ఎప్పుడూ ముట్టుకోడు. అరగంట ఆగమన్నా ఆగరు. పిల్లలు చప్పరిస్తారు. ఎడ్లబండ్లలో పెద్ద క్యాన్లు, బిందెలు తెచ్చుకుని నాలుగు రోజులు ఉండే కుటుంబాలకు, చేత్తో చూపించి ఇస్తే బాగుంటుంది. నడిచివచ్చి సాయంత్రానికి తిరిగిపోయేవాళ్లకు పంచితే వృథా.

మిగతా అందరికీ ట్యాంకరే. 5,000 లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 10 గ్రాముల క్లోరిన్ కావాలి. తాజా పౌడర్లో 33 శాతం ఉంటే 30 గ్రాములు, సంచి తెరిచి తేమ తగిలి 20 శాతానికి పడితే 50. ప్లాస్టిక్ బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలకు సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకర్లో పోసి, ఆపైన నీళ్లు నింపాలి. అరగంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. తగ్గితే మరో సగం మోతాదు, మరో అరగంట. క్లోరోస్కోప్‌లో (మిగిలిన క్లోరిన్‌ను రంగుతో కొలిచే పెట్టె) ఆర్థోటోలిడిన్ అనే రంగు మందు వేసి పది సెకన్లలోపు పసుపు చూడాలి, ఆలస్యమైతే రంగు మోసం చేస్తుంది. వీలుంటే గులాబీ రంగు వచ్చే డీపీడీ అనే మరో మందు వాడండి, ఆర్థోటోలిడిన్ విషం. పరీక్ష వరస నల్లాల్లో చిట్టచివరి నల్లా దగ్గర చేయాలి, రాసుకోవాలి. ట్యాంకర్ దగ్గర బాగుండి చివర సున్నా రావడం మామూలే.

బస్తాలను మందుల గదిలో, కిరోసిన్ పక్కన పెట్టొద్దు, పలకల మీద పొడిగా ఉంచాలి. మరుగుదొడ్లలో బ్లీచింగ్ చల్లిన చోట యాసిడ్ పోస్తే విషవాయువు పుడుతుంది, కడిగేవాళ్లకు ఇది ముందే చెప్పాలి. రోడ్ల పక్కన తెల్లగా చల్లడం కళ్లకు ఇంపుగా ఉన్నా, మట్టిలో దాని బలం ఇట్టే పోతుంది. ఆ బస్తాలు ట్యాంకర్లకు ఇస్తే ప్రాణాలు కాపాడతాయి.

ఇక కార్నర్ల రిజిస్టరు. తిన్నది పడక వచ్చే వాంతులు ఒకటి నుంచి ఆరు గంటల్లోనే కనిపిస్తాయి, అవి మేడారంలోనే తేలిపోతాయి. కలరాకు మాత్రం కొన్ని గంటల నుంచి ఐదు రోజులు. శుక్రవారం తాగిన నీళ్లు బుధవారం ఖమ్మం, కరీంనగర్ పల్లెల్లో, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర ఊళ్లలో బయటపడొచ్చు. అందుకే ప్రతి పేరు పక్కన ఊరు, మండలం, ఫోన్ నంబరు రాసి, రోజూ రాత్రి ఆయా జిల్లాలకు పంపాలి. అనుమానం ఉన్నవాళ్ల నుంచి యాంటీబయాటిక్ ఇవ్వకముందే మలద్వార స్వాబ్ తీసి, క్యారీ-బ్లేయర్ గొట్టంలో (ల్యాబ్ చేరేదాకా క్రిములు చావకుండా ఉంచేది) పెట్టాలి. వనప్రవేశం తర్వాత ఐదు రోజులు ఏఎన్‌ఎంలు, ఆశాలు జాతరకు వెళ్లొచ్చిన ఇళ్లను తిరగాలి. పచ్చకామెర్లకు అది చాలదు. మురికి నీళ్లతో వచ్చే కామెర్లు, హెపటైటిస్ ‘ఈ’, రెండు నుంచి పది వారాలకు బయటపడుతుంది, గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. జాతరకు వెళ్లొచ్చిన గర్భిణుల జాబితా ఆ పది వారాలు దాటేదాకా చేతిలో ఉండాలి.