రాని సిఫార్సు లేఖ కోసం ఆగాలా, మరొకరిని అడగాలా: ఏది మేలు?

అమెరికాలో మా అమ్మాయి మెడికల్ స్కూలు దరఖాస్తు పేజీలో, సిఫార్సు లేఖలు రాయవలసినవారి పేర్లు నాలుగు ఉండేవి. మూడింటి పక్కన లేఖ అందిన తేదీ పడింది. నాలుగోది ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రొఫెసరు గారిది, దాని పక్కన గడి ఖాళీ. మార్చిలో అడిగినప్పుడు ఆయన తప్పకుండా రాస్తానన్నారు. జూలై నాలుగో తేదీ సెలవు కూడా దాటిపోయింది. పొద్దున్నే పళ్లు తోముకోకముందే ఆ పేజీ తెరిచి చూసుకోవడం మా అమ్మాయికి అలవాటైపోయింది. ఆ ఖాళీ గడి ముందు ఏం చేయాలో మాకున్న దారులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, మా ఇంట్లో చాలా రోజులు తూచి చూశాం.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇలాంటి విషయంలో మా తరం తల్లిదండ్రులు సలహా ఇవ్వడానికి అంతగా పనికిరారు. మేము ఎంసెట్ ర్యాంకు చూసుకుని కౌన్సెలింగుకు వెళ్లినవాళ్లం. 2017 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎంబీబీఎస్ సీటుకు నీట్ ర్యాంకే ఆధారం, ఒకరి మంచి మాటతో అక్కడ పని లేదు. మాకు తెలిసిన సంతకాలన్నీ గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో పెట్టినవే. ఎంఎస్ కోసం అమెరికా వచ్చినప్పుడు లేఖలు కావలసివచ్చిన మాట నిజమే గానీ, వాటిని మాలో చాలామంది సొంతంగా టైపు చేసుకుని, కాలేజీ లెటర్‌హెడ్ మీద హెచ్‌ఓడీ గారి చేత సంతకం పెట్టించుకున్నవాళ్లమే. అందుకే నాకు మొదట తోచిన ఉపాయం కూడా “నువ్వే రాసి పంపి, సంతకం పెట్టమని అడుగు” అన్నదే. ఇక్కడ అది చెల్లదు. విద్యార్థుల రికార్డులపై 1974లో వచ్చిన చట్టం ప్రకారం లేఖను చూసే హక్కును విద్యార్థి వదులుకోవచ్చు. అలా వదులుకున్న వారి లేఖలకే చదివేవారు విలువ ఇస్తారు కాబట్టి, దాదాపు అందరూ వదులుకుంటారు. లేఖ రాసినవారి దగ్గర నుంచి నేరుగా వెళ్లవలసిందే.

లేఖలన్నీ వచ్చేవరకు అసలు దరఖాస్తును ఆపాలా, ముందే పంపేయాలా అన్నది మొదటి ప్రశ్న. దీని గురించి తర్జనభర్జన అక్కర్లేదు, పంపేయడమే మేలు. ఎండీ (ఇక్కడ మన ఎంబీబీఎస్ లాంటి డాక్టరు పట్టా) కోర్సు నడిపే కళాశాలల్లో అత్యధిక భాగానికి దరఖాస్తులు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళ్తాయి. అది మే నెల మొదట్లో తెరుచుకుంటుంది, మే చివరి నుంచి సమర్పించవచ్చు, జూన్ చివర్లో తొలి విడత దరఖాస్తులు కళాశాలలకు చేరతాయి. మార్కుల జాబితాలను దరఖాస్తుతో సరిచూసే పని రద్దీ రోజుల్లో వారాల తరబడి పడుతుంది, ఆ వరుసలో నిలబడటానికి లేఖలతో సంబంధమే లేదు. లేఖ రాలేదని దరఖాస్తును చేతిలో పెట్టుకుని కూర్చోవడమంటే రెండు ఆలస్యాలను కలిపి కట్టుకోవడమే. టెక్సస్ ప్రభుత్వ కళాశాలలకూ, డీఓ (ఆస్టియోపతిక్ వైద్య పట్టా) కళాశాలలకూ వేరే వ్యవస్థలున్నాయి. లేఖల సంఖ్య, రకం విషయంలో వాటి నిబంధనలు వేరు కనుక డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లోని మనవాళ్లు వాటిని విడిగా చదువుకోవాలి.

అసలు తూకం ఆ తర్వాతే మొదలవుతుంది. ఒప్పుకుని రాయని ప్రొఫెసరు కోసం ఇంకా ఆగాలా, లేక త్వరగా రాసిచ్చే మరొకరిని వెతుక్కోవాలా?

దీనికి జవాబు చెప్పే ముందు, లేఖ ఆలస్యమైందని ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో తేల్చుకోవాలి. కళాశాల ఒక దరఖాస్తును చదవడం మొదలుపెట్టాలంటే సాధారణంగా ప్రైమరీ అనే ఆ ఉమ్మడి దరఖాస్తు, ఆ కళాశాల విడిగా అడిగే సెకండరీ వ్యాసాలు, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు, లేఖలు అన్నీ చేరాలి. అన్నిటికంటే ఆఖరున చేరేదాన్ని బట్టే ఫైలు పూర్తయిన తేదీ తేలుతుంది. మా అమ్మాయి జూలై మొదటి వారంలో లేఖ కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నప్పుడు, పదిహేను కళాశాలల సెకండరీలు రాయకుండా అలాగే ఉన్నాయి. ఆ లేఖ మర్నాడే వచ్చినా ఆమె ఫైలు ఒక్క రోజు కూడా ముందుకు జరిగేది కాదు. జూన్‌లో ఎంక్యాట్ రాసినవారికి స్కోరు రావడానికే దాదాపు నెల పడుతుంది కదా, వారి సంగతీ ఇంతే. సెకండరీలు పంపే రోజునే లేఖకు నిజమైన గడువుగా పెట్టుకుంటే, జూన్ నెల దిగులులో చాలా భాగం అర్థం లేనిదని తెలుస్తుంది. సెకండరీ పంపిన తర్వాత లేఖ రాకపోతే మాత్రం ఆ దిగులుకు అర్థముంది. చాలా కళాశాలలు వచ్చిన ఫైళ్లను వచ్చినట్టే చదువుతూ ఇంటర్వ్యూలకు పిలుస్తూ పోతాయి, అక్టోబరు మధ్య నుంచి సీట్లు ఇవ్వడం మొదలుపెడతాయి. సెప్టెంబరులో పూర్తయిన ఫైలు, ఆగస్టులో పూర్తయినదాని వెనక నిలబడుతుంది.

ఈ లెక్కతో చూస్తే, ఊరికే ఆగడానికి ఒకే ఒక్క బలమైన కారణం కనిపిస్తుంది. ఆ ప్రొఫెసరుకు విద్యార్థి గురించి నిజంగా చెప్పడానికేదో ఉండాలి. మా అమ్మాయి ఆయన తరగతిలో మొదటి పరీక్ష పాడుచేసుకుని, వారం వారం ఆఫీసు వేళల్లో వెళ్లి కూర్చుని, సెమిస్టరు చివరికి గట్టెక్కింది. ఆ సంగతి చెప్పగలిగినవారు ఆయన ఒక్కరే. మూడు వందల మంది కూర్చునే హాల్లో పాఠం చెప్పి, గ్రేడ్ల పట్టిక చూసి నాలుగు వాక్యాలు రాసే ప్రొఫెసరైతే అంత ఎదురుచూపు దండగ. అలాంటి పెద్ద తరగతిలో విద్యార్థిని దగ్గరగా చూసిన టీచింగ్ అసిస్టెంటు రాసి, ప్రొఫెసరు కూడా సంతకం చేసే పద్ధతి ఒకటుంది, చాలా చోట్ల దాన్ని ఒప్పుకుంటారు.

కొత్తవారిని అడగడంలో చిక్కు మరోచోట ఉంది. సైన్సు బోధించిన అధ్యాపకుల నుంచి రెండు, ఇతర విషయం బోధించినవారి నుంచి ఒకటి అన్నది చాలా కళాశాలలు పెట్టే షరతు. పోయిన లేఖ సైన్సుదైతే దాని స్థానంలోకి వచ్చేదీ సైన్సుదే కావాలి. సరిగ్గా ఇక్కడే మన ఇళ్లలో ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. “మన అంకుల్ కార్డియాలజిస్టు కదా, అడిగితే రేపే రాసిస్తారు” అన్న మాట నేనూ అన్నాను. నిజంగానే రాసిస్తారు. కానీ పుట్టినరోజు పండుగల నాటి నుంచి పిల్లను ఎరిగిన కుటుంబ మిత్రుడి లేఖను ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు, అది సైన్సు అధ్యాపకుడి లేఖ స్థానాన్ని ఎటూ పూరించదు. ఈ మూడు దారుల్లో త్వరగా అయ్యేది ఇదే, పనికి రానిదీ ఇదే.

నా మొగ్గు పాత లేఖను వదిలేసి కొత్తదాని కోసం పోవడం వైపు కాదు, రెండింటినీ కలిపి నడపడం వైపు. ఆమ్‌కాస్‌లో పది లేఖల వరకు చోటుంది, ప్రైమరీ సమర్పించిన తర్వాత కూడా కొత్త లేఖను చేర్చవచ్చు. అందుచేత ఇద్దరినీ అడగడంలో ఎవరికీ ద్రోహం లేదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: ఇంకా రాని లేఖను ముందుగానే కళాశాలలకు కేటాయించకూడదు, అంటే అది ఫలానా కళాశాలకు వెళ్లాలని దరఖాస్తులో గుర్తు పెట్టకూడదు. కేటాయించినవన్నీ చేరేవరకు ఫైలును పక్కన పెట్టే కళాశాలలు ఉన్నాయి. మూడు లేఖలతో సరిపోయే చోట నాలుగోది మన చేతులతోనే అడ్డం పెట్టినట్టవుతుంది.

ఆలస్యం చేసేది ఒక ప్రొఫెసరు కాక, విద్యార్థి డిగ్రీ చదివిన కాలేజీ కమిటీ అయితే నా తీర్పు తిరగబడుతుంది. కొన్ని కాలేజీల్లో, వైద్య విద్యకు వెళ్లేవారి కోసం ఉండే ప్రీ-హెల్త్ కమిటీ విద్యార్థిని ఇంటర్వ్యూ చేసి, అధ్యాపకుల లేఖలన్నీ జోడించి ఒకే కమిటీ లేఖగా పంపుతుంది. ఆమ్‌కాస్ దాన్ని ఒక్క లేఖగానే లెక్కిస్తుంది. ఇవి జూలైలోనో ఆగస్టులోనో, కొన్నిచోట్ల ఇంకా తర్వాతనో వెళ్తాయి. తొందరపడి కమిటీని కాదని విడి లేఖలు పంపితే, మీ కాలేజీలో కమిటీ ఉండగా ఎందుకు వాడుకోలేదన్న ప్రశ్న కొన్ని కళాశాలల సెకండరీల్లోనే ఎదురవుతుంది. ఒక ప్రొఫెసరు చేసే ఆలస్యం ఆ విద్యార్థి ఒక్కరికే నష్టం, అది ఎందుకు జరిగిందో చదివేవారికి తెలియదు. కమిటీ చేసే ఆలస్యం ఆ కాలేజీ వారందరిదీ, ఏటా అదే కాలేజీ నుంచి వచ్చే దరఖాస్తులు చూసేవారికి అది కొత్తేమీ కాదు. కాబట్టి ఆగస్టు అంతా కమిటీ కోసం ఆగడమే నయం. అది కూడా దాటితే సలహాదారును కలిసి కచ్చితమైన తేదీ అడగాలి, ఆ తేదీ చెప్పలేకపోతే అప్పుడు విడి లేఖల వైపు తిరగాలి.

ఏ దారి పట్టినా ప్రొఫెసరుకు మళ్లీ గుర్తుచేయక తప్పదు. పెద్దవారిని ఒకసారి అడిగాక రెండోసారి అడిగితే ఏమనుకుంటారోనని మన పిల్లలు నలిగిపోతారు, ఆ సంకోచం మనం పెంపకంలో ఇచ్చినదే. మే నెలతో తరగతులు ముగిశాక చాలామంది ప్రొఫెసర్లు ఊళ్లో ఉండరు, ఈమెయిళ్లు కింద పడిపోతాయి. మౌనమంతా అయిష్టమనుకోనక్కర్లేదు. మా అమ్మాయి జూలై 10న రాసిన ఈమెయిల్ ఐదు వాక్యాలే. సెకండరీలు 25వ తేదీకి పంపుతున్నాననీ, ఆలోగా వీలవుతుందా అనీ, వీలు కాకపోతే ఆ మాట చెబితే మరో ఏర్పాటు చేసుకుంటాననీ రాసి, తన మార్కుల జాబితానూ లేఖ అభ్యర్థన పత్రాన్నీ మళ్లీ జతచేసింది. వెనక్కి తగ్గడానికి ఆయనకు మర్యాదగా దారి ఇచ్చిన ఆ మూడో మాటే అందులో ముఖ్యమైనదని నా నమ్మకం. అదే రోజు, ఇరవై నాలుగు మంది ఉన్న తరగతికి ఫిజియాలజీ చెప్పిన మేడం గారినీ అడిగింది. ఆవిడ లేఖ 22న చేరింది, దాంతో సెకండరీలు అనుకున్న తేదీకే వెళ్లాయి.

ప్రొఫెసరు గారి జవాబు ఆ నెలాఖరులో, రెండోసారి గుర్తుచేశాక వచ్చింది. లేఖను ఆయన మేలోనే రాసేశారట. దాన్ని ఎక్కించడానికి కావలసిన లెటర్ ఐడీ ఉన్న పత్రం ఈమెయిళ్ల గుట్టలో కనబడక, తర్వాత చూద్దామని పక్కన పెట్టారట. ఆగస్టు 2న నాలుగో గడిలో కూడా తేదీ పడింది. మా అమ్మాయి ఆ లేఖను అప్పుడే అన్ని కళాశాలలకూ కేటాయించి, ఇద్దరికీ కృతజ్ఞతలు రాసి, ఆ పేజీ మూసేసింది.