డిసెంబరులో శ్రీలంక: గాల్ వైపా, ట్రింకోమలీ వైపా?

డిసెంబరు సెలవులకు శ్రీలంక అనుకుంటున్న వాళ్లంతా నన్ను అడిగేది ఒకటే, "అప్పుడు అక్కడ వానలుంటాయా?" అని. ఉంటాయి. కానీ ఏ తీరంలో అన్నది కూడా అడగాలి, ఎందుకంటే ఆ ద్వీపంలో ఒకే రోజు ఒకవైపు ముసురు పట్టి ఉంటే ఇంకోవైపు ఎండ కాయడం మామూలే.

నెల్లూరును, చెన్నైని తడిపే ఈశాన్య రుతుపవనాలే ఆ నెలలో శ్రీలంక మీదా ఉంటాయి. బంగాళాఖాతం మీంచి వచ్చిన మబ్బు ముందు తూర్పు తీరంలోని ట్రింకోమలీ, పాసికుడా, బట్టికలోవా మీద కురుస్తుంది, తర్వాత మధ్యలోని కొండలు అడ్డుపడతాయి, అందుకే అవతల నైరుతి తీరంలో ఉన్న బెంతోట, హిక్కడువ, గాల్, మిరిస్సలకు చేరేసరికి దాని జోరు తగ్గిపోతుంది. డిసెంబరులో కొలంబోలో సగటున 175 మి.మీ. వాన పడితే ట్రింకోమలీలో సుమారు దానికి రెట్టింపు. వేడిలో మాత్రం పెద్ద తేడా లేదు, రెండు వైపులా పగలు 28 నుంచి 30 డిగ్రీలు.

అయితే ఈ లెక్కలు చూసి టికెట్లు కొనకండి. నా మటుకు నాకు తేల్చేది వాన కాదు, సముద్రం. వాన పడితే కాసేపు ఆగి బయటికి వెళ్లొచ్చు, సముద్రం పోటెత్తి ఉంటే చేసేదేమీ లేదు. శాంకరీదేవి శక్తిపీఠం అక్కడే కదా అని అమ్మ పట్టుబడితే మేం మొదటిసారి డిసెంబరు రెండో వారంలో ట్రింకోమలీకే వెళ్లాం. కోణేశ్వరం కొండ మీద జనం లేరు, దర్శనం తృప్తిగా అయింది, కానీ బయట ఆ గాలికి అమ్మ కొంగు నిలవలేదు, కింద సముద్రమంతా తెల్లటి నురగ. మర్నాడు దగ్గర్లోని నిలావెలి బీచ్‌కి వెళ్తే పడవలన్నీ ఇసుక మీదికి లాగేసి, ఇంజన్లకు టార్పాలిన్లు చుట్టేసి ఉన్నాయి. పిజియన్ ఐలండ్‌కి తీసుకెళ్తారా అని అడిగితే పడవాయన ఒకసారి కెరటాల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నీళ్లు బురద రంగులో ఉన్నాయి. పిల్లలు మోకాళ్ల లోతుకు కూడా దిగలేదు.

తర్వాత ఇంకో డిసెంబరులో, నెలాఖరున, గాల్ పక్కనున్న ఉనావటూనకి వెళ్లాం. వాన పడలేదని కాదు. మధ్యాహ్నం మూడు దాటాక ఉరిమి, గంటసేపు దంచికొట్టి, తెరిపి ఇచ్చేసేది. పొద్దుటి పూట మాత్రం నీళ్లు కదలకుండా, అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉండేవి. తిమింగలాల కోసం మిరిస్స నుంచి పడవలు వెళ్లే సీజన్ కూడా ఇదే, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. అటువైపు ప్రతి బీచూ ఈతకు మంచిదని అనుకోకండి, కొన్నిచోట్ల లాగుడు ఎక్కువ, పిల్లలుంటే ఉనావటూనలాంటి ఒంపు తిరిగిన చోటే ఎంచుకోండి.

తూర్పు తీరానికీ కొన్ని మంచి మాటలు చెప్పాలి. గదులు చవక, గోల లేదు. క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ గాల్ వైపు జనం, రేట్లు రెండూ పెరుగుతాయి. పైగా డిసెంబరు మొదటి వారంలో గాల్ వైపు కూడా అక్టోబరు, నవంబరు వానల తోక ఇంకా మిగిలి ఉండొచ్చు, వీలైతే 15 దాటాక పెట్టుకోండి. తూర్పున తుపాను టెన్షన్ కూడా ఒకటి, 2020లో బురేవి డిసెంబరు 2న ట్రింకోమలీకి ఉత్తరాన తీరం దాటింది.

కొండల మీదున్న నువారా ఎలియా అడుగుతారు కొందరు. చలి, పొగమంచు, మధ్యమధ్య జల్లు, స్వెటర్ తీసుకెళ్తే చాలు. ఉత్తరాన ఉన్న జాఫ్నాదీ తూర్పు తీరం దారే, డిసెంబరులో వద్దు.

శాంకరీదేవి దర్శనం కోసమే అయితే డిసెంబరులోనైనా ట్రింకోమలీకి ఒక రోజు వెళ్లి రండి, గదులు మాత్రం గాల్ వైపే తీసుకోండి. దర్శనం, సముద్రం రెండూ కావాలంటే మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లాలి. అప్పుడు నైరుతి గాలి గాల్ సముద్రాన్ని రేపుతుంది, నిలావెలిలో పడవలు మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. అమ్మను ఈసారి జూలైలో తీసుకెళ్తున్నాం.